మా చిన్న లారీకి మైకు బిగించిన ఏడు

యుద్ధం ముగిసి, మిలిటరీ వాళ్ళు తమ పాత బండ్లను అమ్మేస్తున్నారని తెలిసి మా ఆయన మద్రాసు పోయాడు. పోయినవాడు ఒక చిన్న లారీ తోలుకుని వచ్చాడు. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక కప్పు లేని తొట్టి, అంతే. దాని ఆకుపచ్చ రంగు ఎండకు వెలిసిపోయి బూడిద గుమ్మడికాయలాగా కనిపించేది. మామిడికాయల కాలంలో కాయలు, గానుగలాడే కాలంలో బెల్లం తిరుపతికీ చిత్తూరుకీ తోలేవాడు. ఈ రెండూ లేని రోజుల్లో పుత్తూరు టెంటు సినిమాకు చుట్టుపక్కల పల్లెల్లో ప్రచారం చేసే పని ఉండేది. లారీ మా ఆయనది గానీ, ఆ ప్రచారం మాత్రం మా మామది.

మా మామ అంటే మా ఆయన తండ్రి. వయసులో ఉన్నప్పుడు భారతంలో దుర్యోధనుడి వేషం కట్టినవాడు. మా వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు, ఆఖరి రోజు మట్టితో దుర్యోధనుడి బొమ్మను ఇల్లంత పొడుగున పడుకున్నట్టు చేసి, వేషాలవాళ్ళు దాని చుట్టూ పరిగెత్తుతూ కొట్టుకుంటారు. ఎన్ని ఊళ్ళ జనం చేరినా, దూరాన ఎద్దుబండ్ల మీద నిలబడి చూసేవాళ్ళకు కూడా దుర్యోధనుడి మాట వినిపించాలి. అట్లాంటి గొంతు ఆయనది. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

కిరీటమూ భుజకీర్తులూ మోసే ఓపిక తగ్గి ఆయన వేషం మానుకున్నాడు. మానుకున్న ఏడు మంచం పట్టాడు. ఒంట్లో రోగమేమీ లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు, పెట్టింది తినేవాడు, మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. ఆయన వీపు తప్ప ముఖం చూసింది తక్కువ. లారీ వచ్చి, టెంటు ప్రచారం వచ్చి, ఆయనను ఆ మంచం మీద నుంచి లేపింది. అందుకే ఆ పని ఆయనకు పని మాత్రమే కాదని మా ఇద్దరికీ తెలుసు.

మామ పని చేసే తీరు వేరు. పొద్దు వాలే ముందు లారీ బయలుదేరేది. ఆయన వెనక తొట్టిలో, డ్రైవరు గదికి ఆనుకుని నిలబడేవాడు. తల గది కప్పుకు పైన కనిపించేది. ఒక చెయ్యి కప్పు మీద, ఇంకో చేతిలో రేకు బాకా. సన్నటి మూతి దగ్గర నోరు పెట్టి అరిస్తే వెడల్పు మూతిలోంచి మాట దూరం పోతుంది. ఊరు రాగానే సినిమా సంగతి ఎత్తుకునేవాడు కాదు. ముందు ఎదురుగా ఎవరు కనబడితే వాళ్ళను పలకరించాలి.

"ఏమక్కా, ఇంకా సంగటి గెలకతానే ఉండావా? బిన్నా దించు, మంచి తావు పట్టుకోవాల!"

"ఓ అబ్బా, పుత్తూరులో కట్టు కట్టించుకున్న కాలు బాగయినాదా? నడిసి వస్తావా, లారీలో ఎక్కించుకోవాల్నా?"

ఒక ఊరి మాట ఇంకో ఊరికి ఆ బాకాలోనే చేరేది. పాకాలలో ఉన్న మీ చెల్లెలికి మగపిల్లవాడు పుట్టాడు, తల్లీ పిల్లా బాగున్నారు అని ఊరంతా వినేటట్టు చెబితే, ఆ ఇంటివాళ్ళు వక్కాకు తెచ్చి లారీలో పెట్టేవాళ్ళు. సినిమా సంగతి ఆఖరున వచ్చేది. ఆడవాళ్ళకు వేరే తావు ఉందనీ, చంటిపిల్లలకు టిక్కెట్టు లేదనీ, నడుమ ఏడిపించినా చివర్లో అందరూ బాగుపడతారనీ చెప్పేవాడు. ఈ చివరి మాట మామ సొంతం. ఆయన ఏ సినిమానూ చూసి చెప్పింది లేదు. ఒకసారి సినిమాలో నాయిక చచ్చిపోతే, ఆడవాళ్ళు మరుసటి వారం లారీని ఆపి ఆయనతో జగడం పెట్టుకున్నారు.

టెంటు యజమానిని అందరూ ముదలాళి అనేవాళ్ళు. అరవం వైపు నుంచి వచ్చిన మనిషి. ఒక పొద్దున ఆయన మా ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి, మా ఆయనతో అన్నాడు:

"సత్యవేడు పక్క టెంటోళ్ళు మైకు పెట్టినారబ్బా. కారు మీద పెద్ద బూర. వాళ్ళు ఆ ఊర్లో మాట్లాడితే ఈ ఊర్లో ఇనపడతా ఉండాది. మన లారీని సూసి పిలకాయలు గూడా ఎగతాళి సేస్తా ఉండారు. నువ్వూ మైకు పెట్టు. లేకుంటే నేను ఇంకో బండి సూసుకోవాల."

మామ పక్కనే కూర్చుని నార పురి పెడుతున్నాడు. ఆ మాట విని ఆయన సంతోషపడ్డాడు, అది నాకు బాగా గుర్తు.

"పెట్టు నాయనా," అన్నాడు కొడుకుతో. "రేకు బాకాతోనే వంక దాటి పోతాది. మైకు పెడితే నా గొంతు తిరుమల కొండెక్కతాది."

ముదలాళి నవ్వలేదు. "మైకు వస్తే మాట్లాడే మనిషి వేరే వస్తాడు పెద్దాయనా. అది సదువుకున్నోళ్ళ పని. నీకు వయసయినాది. ఇంట్లో కూసోని మనవరాలిని ఆడించుకో."

మామ చేతిలో పురి ఆగిపోయింది. దుర్యోధనుడి వేషం కట్టినవాడు ఒక్క మాట కూడా అనకపోవడం నేను చూడలేకపోయాను. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయాను.

మా ఆయన గొంతు వినిపించింది. "మా లారీలో మాట్లాడేది మా నాయనే."

"నాకు జనం రావాలబ్బా," అన్నాడు ముదలాళి. "జనం వస్తే ఎవురు మాట్లాడితే నాకేమి? రాకుంటే మాత్రం నేను సెప్పినట్టు ఇనాల. సూద్దాం."

మా ఆయన మళ్ళీ మద్రాసు పోయి, మిలిటరీ పాత సామాన్లు అమ్మే అంగడిలోనే మైకు సామాను కొన్నాడు. దాన్ని బిగించడానికి చిత్తూరు నుంచి ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, చేతులు చురుకు, మాట నిదానం. మా ఇంటి ముందర లారీని నిలబెట్టుకుని పని మొదలుపెట్టాడు. వీధి వీధంతా వచ్చి నిలబడింది.

బూరను డ్రైవరు గది కప్పు మీద ముందుకు చూసేటట్టు ఇనుప పట్టీలతో కట్టాడు. బ్యాటరీని తొట్టిలో ఒక చెక్కపెట్టెలో పెట్టాడు. ఆ బ్యాటరీలో ద్రావకం పోస్తున్నప్పుడు ఏముందోనని నేను దగ్గరికి పోయి వంగి చూశాను. ఎక్కడ చింది పడిందో ఏమో, ఉతికి ఆరేసినప్పుడు కొంగు మీద జల్లెడలాగా తూట్లు కనిపించాయి. ఇక గొంతును పెద్దది చేసేది డ్రైవరు గదిలో పెట్టే ఇంకో పెట్టె. దాని లోపల గాజు బుడ్డీలు ఉంటాయి, అవి వేడెక్కితేనే మాట బూరలోకి పోతుంది. ఆ బుడ్డీలు మా పల్లె దారులకు ఆగవని మైకు ఆయన దిగులు పడ్డాడు.

"ఈ గుంతల్లో ఒక్క పూటకు పగిలిపోతాయమ్మా. కింద మెత్తగా ఏమన్నా ఉండాల," అన్నాడు.

ఇంట్లో బూరుగు దూది ఉంది. పెట్టె కొలత తీసుకుని, పాత దుప్పటి గుడ్డతో చిన్న పరుపు కుట్టాను. నాలుగు పక్కలా కూడా దూది గోడలు పెట్టి కుట్టాను, పసిబిడ్డకు కుట్టినట్టు. పక్కింటి పెద్దమ్మ గోడ మీద నుంచి చూస్తూ ఉంది.

"ఏమ్మే, లారీకి పరుపు కుడతా ఉండావే, మీ ఆయనకు ఎప్పుడన్నా కుట్టినావా?"

"ఆయన గుంతల్లో పడినా పగలడు పెద్దమ్మా," అన్నాను.

మైకు ఆయన కూడా నవ్వాడు. ఆ పరుపు ఆ లారీలో చివరిదాకా ఉంది. ఒక్క బుడ్డీ పగల్లేదు.

బిగించడం అయింది. మామ పొద్దున్నే తలస్నానం చేసి, మడతపంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. మైకు ఆయన మామను డ్రైవరు గదిలోకి ఎక్కించి, మైకును చేతికి ఇచ్చి, "మాట్లాడు పెద్దాయనా" అన్నాడు. మామ మైకును పక్క సీటు మీద పెట్టి, దానికి రెండు చేతులా మొక్కాడు. వేషగాళ్ళు ఆటతావులోకి వచ్చే ముందు నేలను అంటి మొక్కుతారు, అట్లా. ఆ తర్వాత మైకును నోటి దగ్గర పెట్టుకుని, దుర్యోధనుడు తెర వెనక నుంచి బయటికి వచ్చేటప్పుడు పెట్టే పెద్ద కేక పెట్టాడు. ఎన్నో ఏండ్లుగా లోపల దాచుకున్న కేక.

బూర ఒక్కసారి పగిలిన కుండలాగా అరిచి ఆగిపోయింది. కొమ్మ మీద కాకులు లేచిపోయాయి. ఉయ్యాలలో మా పాప కెవ్వుమంది. మామ సంతోషంగా మళ్ళీ ఏదో అన్నాడు గానీ, బూరలో నుంచి కందిరీగ తిరుగుతున్న శబ్దం తప్ప మాట రాలేదు.

మైకు ఆయన కప్పు మీదికి ఎక్కి బూర వెనక భాగం విప్పి చూశాడు. లోపల కాగితం మందాన ఒక పలచటి రేకు ఉంటుంది, అది అదిరితేనే శబ్దం. అది నిలువునా చీలిపోయి ఉంది.

"పెద్దాయనా," అన్నాడు పైనుంచే, కోపం లేకుండా, "ఇది సెవిటిది కాదు. దీనికి అంత గట్టిగా సెప్పాల్సిన పని లే."

మామ లారీ దిగాడు. ఎవరి మొహమూ చూడకుండా ఇంట్లోకి పోయాడు. ఈ మాట వీధిలో నుంచి పుత్తూరు సంతకూ, సంతలో నుంచి ముదలాళి చెవికీ పోవడానికి ఎంతో సేపు పట్టలేదు. కొత్త రేకు వచ్చినాక మైకు ఆయనే మాట్లాడాలనీ, పెద్దాయన దాన్ని ముట్టుకోరాదనీ ముదలాళి చెప్పి పంపాడు.

కొత్త రేకు తెప్పించి, మైకు ఆయనను డ్రైవరు గదిలో పక్కన కూర్చోబెట్టుకుని మా ఆయన లారీ తీశాడు. మామ తిన్నె మీద కూర్చుని, లారీ మలుపు తిరిగిందాకా చూసి, మళ్ళీ నార అందుకున్నాడు. అప్పుడు ఇంటి ముందర కూడా మైకు మాట వినిపించింది. మైకు ఆయన తప్పు పట్టడానికి లేకుండా మాట్లాడాడు.

"మహాజనులారా! తమకందరికీ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా..."

చీకటి పడకముందే లారీ తిరిగి వచ్చింది. మా ఆయన దిగీ దిగకముందే నవ్వుతున్నాడు, కానీ అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు.

"ఏమయినాది?" అన్నాను.

"ఏమవుతాది? ఊర్లో అడుగు పెట్టేసరికి ఒక్క వాకిలి తెరిసి ఉంటే ఒట్టు. వీధిలో కోడి గూడా లే. ఒక ముసిలామె పంచలో వడ్ల తొట్టి మింద సాప పరిసి, దాని మింద పండుకోని మూలగతా ఉండాది. పిలకాయలు సెరుకు తోటలో దూరినారు."

విషయం ఏమిటంటే, మా పల్లెల్లోకి అంతకుముందు బూర కట్టుకుని వచ్చిన బండ్లన్నీ సర్కారు బండ్లే. ధాన్యం లెవీ కట్టమనో, టీకాలు పొడిపించుకోమనో చెప్పడానికి వచ్చేవి. 'మహాజనులారా' అని వినబడితే వడ్లు దాచుకోవాలి, పిల్లలను దాచుకోవాలి. ఆ పూట టెంటులో పుత్తూరు టౌనువాళ్ళు తప్ప పల్లెవాళ్ళు లేరట. ముదలాళి మా ఆయన మీద మండిపడ్డాడు. మైకు ఆయన మాత్రం, "నాకు మాట్లాడేది రాదని నేను ముందే సెప్పింటాను, నన్నెవురూ అడగలే," అన్నాడు. నిజమే, ఆయన బిగించడానికి వచ్చిన మనిషి.

ఆ రోజుల్లో మామ మళ్ళీ మాట తగ్గించాడు. గోడవైపు తిరిగి పడుకోలేదు గానీ, ఆ రోజు దూరంలో లేదని నాకు భయంగా ఉండేది. అన్నం పెట్టినప్పుడు సాలు అనేవాడు, అంతే. ఆయన నోరు తెరిచేది ఒక్క మనవరాలి దగ్గరే. వాసానికి చీర కట్టి ఉయ్యాల వేసి ఉంది. మధ్యాహ్నం నేను వంటింట్లో చింతపండు గింజ తీస్తూ ఉంటే, ఆయన ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతూ పాపతో మాట్లాడుతున్నాడు.

"ఏమ్మా, పాలు తాగినావా? బువ్వ తిన్నావా? బిన్నా రా తల్లీ, బొమ్మ మొదులయితాది. ఆడోళ్ళకు వేరే తావు ఉండాది. సంటిబిడ్డలకు టిక్కెట్టు లే. నడాన ఏడిపిస్తారు గానీ, ఆకర్న అందురూ బాగుపడతారులే..."

పాప సగం నిద్రలో ఉంది. లేస్తుందేమోనని ఆయన గాలి కంటే కొంచెం గట్టిగా, అంతే, పలుకుతున్నాడు. అయినా వంటింట్లో ఉన్న నాకు ఒక్కో మాట విడివిడిగా వినిపించింది. అరవడానికి అలవాటు పడిన మనిషి గొంతు తగ్గిస్తే ఇంత స్పష్టంగా ఉంటుందని నాకు అంతవరకు తెలీదు. తీస్తున్న గింజ అట్లాగే చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను.

"మామా, ఇట్నే మాట్లాడండి మైకులో."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇదేం మాటమ్మే? ఇది గుసగుస."

"గుసగుసే సాలంట దానికి. మైకు ఆయన సెప్పినాడు గదా, సెవిటిది కాదని."

"దుర్యోధనుడు గుసగుసలాడతాడా?"

"ఆయన ఆడినాడో లేదో నాకు తెలవదు. పాప మాత్రం నిద్రపోయినాది సూడండి."

ఆయన ఉయ్యాలలోకి చూశాడు. పాప నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉంది. నేను సంగటి గెలికే తెడ్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఇదే మైకు అనుకోండి."

ఆయనకు కోపం వచ్చింది. తెడ్డు పక్కన పెట్టాడు. నేను వంటింట్లోకి పోయాక మళ్ళీ తీసుకున్నాడని శబ్దాన్ని బట్టి తెలిసింది. ఆ మధ్యాహ్నం మొదలు ప్రతి మధ్యాహ్నం తెడ్డుతోనూ పాపతోనూ సాధన. పాప లేస్తే తప్పు, లేవకపోతే ఒప్పు. మైకు ఆయన పుత్తూరులో ఉండగానే మా ఆయన ఆయనను పిలుచుకొచ్చాడు. ఆయన మైకు తలకు ఒక గుడ్డ కట్టి ఇచ్చాడు. మైకు లోపల బొగ్గు పొడి ఉంటుందట, అది ఒక పక్కకు పేరుకుంటే గొంతు మందగిస్తుందట, అప్పుడు వేలితో తట్టాలట. మామకు ఆ తట్టడం నచ్చింది. మద్దెల మీద తట్టినట్టు తట్టేవాడు.

ముదలాళికి చెప్పకుండానే ఒక సాయంత్రం లారీ పోయింది. మామ డ్రైవరు గదిలో మా ఆయన పక్కన కూర్చున్నాడు. తీగ పొట్టిది, అందువల్ల మైకు గదిలో నుంచి బయటికి రాదు. పలకరింపులు అవే, మాటలు అవే, గొంతు మాత్రం ఉయ్యాల దగ్గరి గొంతు. రేకు చీలలేదు, బూర గీపెట్టలేదు. మా ఆయన ఇంటికి వచ్చి, "మాట బంగారం మాదిరి పోయినాది. కానీ జనం దగ్గరికి రాలే. వాకిండ్లలో నిలబడి సూస్తా ఉన్నారు, కొందరు ఆడోళ్ళు కండ్లు తుడుసుకుంటా ఉన్నారు. సినిమా ఏడుపుదని తెలిసిపోయినాదేమో," అన్నాడు.

మరుసటి రోజు తెల్లవారి బ్యాటరీకి కరెంటు పట్టించడానికి మా ఆయన తిరుపతికి పోయాడు. మా ఊరికి అప్పటికి కరెంటు లేదు. నేను వాకిట్లో పేడనీళ్ళు చల్లుతున్నాను. దారి మలుపులో ఆడవాళ్ళు వరసగా వస్తూ కనబడ్డారు. ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. దగ్గరికి రాగానే అందరికంటే ముందున్న ముసలామె నన్ను పట్టుకుని బావురుమంది.

"పోయినాడా తల్లీ! మాకు ఒక్క మాట సెప్పక పోయినారే!"

నాకు మా ఆయన తప్ప ఇంకెవరూ తలపుకు రాలేదు. తెల్లవారి పోయిన లారీ, తిరుపతి దారి, ఎదురు వచ్చే బస్సులు, అన్నీ కండ్ల ముందుకు వచ్చాయి. చేతిలో బకెట్టు జారిపోయింది. నేనూ ఏడ్చాను. వాళ్ళు నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చారు. పక్కింటి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి ఎవరి కోసమో తెలీకుండానే గుండెలు బాదుకుంది.

అప్పుడు దొడ్లో నుంచి మామ వచ్చాడు. నోట్లో వేపపుల్ల, భుజాన తడి తువ్వాలు.

"ఏమే, ఎవురు సచ్చినారు?"

ఏడుపు టక్కున ఆగిపోయింది. ముసలామె ఆయనను కిందికీ పైకీ చూసింది.

"నువ్వే!" అంది.

"నేనా?" అన్నాడు మామ. వేపపుల్ల తీసి పక్కకు ఉమ్మాడు. "నాకెవురూ సెప్పలేదే!"

ఆ తర్వాత నవ్వులు, తిట్లు, అన్నీ కలిసిపోయాయి. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగితే సంగతి బయటపడింది. లారీ వచ్చింది, గొంతు మామదే. కానీ లారీ మీద మామ లేడు. గొంతు కూడా ఎప్పటిలాగా లేదు, మెత్తగా, దూరం పోతున్న మనిషి మాట్లాడినట్టు ఉంది. సంతలో పాట పెట్టెలో తిరిగే ప్లేట్లలో చచ్చిపోయినవాళ్ళు కూడా పాడతారని వాళ్ళకు ఎవరో చెప్పారు. దాంతో పెద్దాయన పోయాడనీ, పోయే ముందు ఆయన గొంతును ప్లేటులో పట్టి పెట్టుకున్నారనీ, ఆ ప్లేటును లారీలో తిప్పుతున్నారనీ ఊరంతా అనుకుంది. టెంటుకు పోవడం మాట అటుంచి, ఆ పూట పొయ్యి ముట్టించని ఇండ్లు కూడా ఉన్నాయట.

"నువ్వు కనపడాల అప్పా," అంది ముసలామె. "నువ్వు కనపడతా మాట్లాడితే అది పలకరింపు. కనపడకుండా గొంతొక్కటే వస్తే మాకు బయిం గాదా? నువ్వు నన్ను 'సంగటి దించు' అంటావు. నా పొయ్యి నీకు కనపడతా ఉండాదా, ఆ గదిలో నుంచి?"

నిజానికి ముందు రోజు మామ లారీ గదిలో కూర్చుని, ఎవరినీ చూడకుండా, గుర్తు మీద పలకరించాడు. పొలం పోయిన వాళ్ళను కూడా ఇంట్లో ఉన్నట్టే పలకరించి ఉంటాడు.

మధ్యాహ్నానికి మా ఆయన తిరిగి వచ్చాడు. నేను ఆయన ముఖం చూసి మళ్ళీ ఏడ్చాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. సంగతి విన్నాక తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, పొడుగాటి తీగ కోసం మైకు ఆయన దగ్గరికి పోయాడు.

తీగ వచ్చింది. మైకును గదిలో నుంచి వెనక తొట్టిలోకి తెచ్చారు. మైకు ఆయన ఒక జాగ్రత్త చెప్పాడు. మైకు బూర ముందరికి పోతే కూత పెడుతుంది, బూర వెనక ఉంటే పెట్టదు. బూర వెనక ఎక్కడ నిలబడాలో సుద్దముక్కతో గీత గీశాడు. చూస్తే, అది మామ రేకు బాకా పట్టుకుని రోజూ నిలబడిన చోటే. చెక్క అక్కడ ఆయన కాళ్ళకు అరిగి నున్నగా ఉంది.

కానీ నాకు ఇంకో భయం ఉంది. గదిలో కూర్చుంటే సరే, అక్కడ నిలబడి మనుషుల ముఖాలు చూస్తే ఆయనకు పాత గొంతు వచ్చేస్తుంది. ఎన్ని ఏండ్ల అలవాటు! మళ్ళీ రేకు చీలిందంటే ముదలాళి ఇంకో బండి చూసుకుంటాడు. మామకు కూడా ఆ భయమే ఉన్నట్టుంది. లారీ ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చి, "పాపను ఇట్టా ఇయ్యమ్మా" అన్నాడు.

నేనూ లారీ ఎక్కాను. బిడ్డను వదిలి ఉండలేక. గదిలో మా ఆయన పక్కన కూర్చుని, వెనక చిన్న కిటికీ లోంచి చూస్తూ ఉన్నాను. పాప పాలు తాగి మామ ఎడమ భుజం మీద నిద్రపోయింది. కుడి చేతిలో మైకు. ఊరిలోకి పోగానే వాకిట్లో, మా ఇంటికి వచ్చి ఏడ్చిన ముసలామె కనబడింది. మామ ఛాతీ పొంగడం నాకు కిటికీలోంచి కనిపించింది. ఆ కేక గొంతు దాకా వచ్చింది. నేను కండ్లు మూసుకున్నాను. పాప కదిలి మూలిగింది. కేక ఆగిపోయింది.

"ఏమక్కా," అన్నాడు ఉయ్యాల గొంతుతో, "నేను బతికే ఉండాను. పొయ్యి మింద సంగటి ఉండాదా, దించినావా?"

ఊరంతా నవ్వు. ముసలామె తెడ్డు ఎత్తి చూపించింది. చిన్నా పెద్దా లారీ చుట్టూ మూగారు. పాపను చూసి, "నిద్రపోతా ఉండాది, మెల్లగా, మెల్లగా," అని ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకున్నారు. ఆ పూట టెంటులో తావు చాలక ఆడవాళ్ళ వైపు తడికను జరిపారట.

ముదలాళి మళ్ళీ మా తిన్నె మీదికి వచ్చి మజ్జిగ తాగాడు. "జనం వస్తా ఉండారు," అన్నాడు. మామ వైపు చూడకుండా చెంబు కింద పెట్టాడు. "పెద్దాయననే మాట్లాడనీ. ఆ పాపను మాత్రం ఎండలో తిప్పొద్దు."

కొన్నాళ్ళకు పాప అవసరం లేకుండానే మామకు ఆ గొంతు కుదిరింది. ఎడమ చెయ్యి మాత్రం బిడ్డను ఎత్తుకున్నట్టు మడిచే ఉంచేవాడు. మైకు ఆయన చిత్తూరు పోయి వేరే బండ్లకు బూరలు బిగించుకున్నాడు. రేకు బాకాను నేను వంటింట్లో పెట్టుకున్నాను. సన్న మూతి కుండల్లోకి నువ్వులు పోయడానికి అది బాగా పనికొచ్చింది.

ఒకసారి బెల్లం కాలం అయిపోయాక పాపను తీసుకుని నేనూ మళ్ళీ లారీలో పోయాను. ఒక ఊరి నడుమ ఉన్నట్టుండి గదిలో మా ముందున్న మైకు పెట్టె మీద ఎర్రదీపం ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. బూర మూగపోయింది. వెనక మామకు ఆ దీపం కనబడదు. ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఒకసారి వేలితో తట్టి, మాట్లాడుతూనే ఉన్నాడు. జనం చెవులు రిక్కించి లారీకి ఇంకా దగ్గరగా జరిగారు. కొందరు తొట్టి పలక మీద చేతులు ఆనించి తలలు ఎత్తి నిలబడ్డారు. మా ఆయన దిగి చెప్పబోయాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను.

ఊరు దాటాక చెప్పాం.

"అట్నా?" అన్నాడు మామ. "ఎవురూ ఇనపడలేదనలేదే!"